పదకొండో నంబరు ఇల్లు

కరుణాకర్‌రావు పదకొండో నంబరు బల్ల ముందు ఆగి ముక్కు చిట్లించాడు.

"ఇది ఎవలు కట్టింది?"

కరీంనగర్‌లో ఓ ఫంక్షన్ హాలు. ప్లాస్టిక్ ఇటుకల పోటీ. పిల్లలకు కాదు, పెద్దలకే. నలభై దాటినవాళ్ళు పద్నాలుగు మంది, పొద్దుటినుంచి నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని గోరంత ఇటుకలు టక్కుటక్కున బిగించారు. అందరికీ ఒకేలాంటి డబ్బా, ఒకటే గడువు. అంశం 'ఇల్లు'.

పళ్ళ డాక్టరు భానుప్రసాద్ ఈత కొలను ఉన్న బంగళా కట్టాడు. గ్రానైట్ వ్యాపారి సంతోష్‌రావు మేడ మీద హెలికాప్టర్ దిగే చోటు కూడా పెట్టాడు. ఆ హెలికాప్టర్ ఎవరిదని ఎవరూ అడగలేదు.

పదకొండో నంబరుది మాత్రం బోడి ఇల్లు. కింద రెండు గదులు, పైన రెండు గదులు, పక్కన మెట్లు, బాత్రూమ్, బయట సంపు, సెప్టిక్ ట్యాంకు. అంతే.

కట్టినవాడు అంబదాస్. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, రిపేరు చేస్తాడు. మూడేళ్ళ కింద పాత సామాన్ల దుకాణంలో సంచెడు ఇటుకలు దొరికాయి. అప్పటినుంచి మరమగ్గాల నూనె కడుక్కున్న వెంటనే ఆ చేతులు ఇటుకల్లోకే పోతాయి. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, చేతులు కట్టుకుని బల్ల వెనక నిలబడ్డాడు. చివరి వరుసలో అతని భార్య బాలలక్ష్మి, చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

కరుణాకర్‌రావు న్యాయనిర్ణేత. రిటైరైన ఇంజనీరు. సర్వీసులో ఎన్ని వందల ప్లాన్లు గీశాడో ఆయనకే గుర్తు లేదు. ఎండలో నిలబడి కట్టించడం కిందివాళ్ళ పని. ఈ సంగతంతా ప్రారంభోపన్యాసంలో ముప్పావుగంట చెప్పాడు.

ఇప్పుడు మళ్ళీ మైకు అందుకున్నాడు.

"గీ బాత్రూమ్ తలుపు ఎటు తెరుచుకుంటదో చూడుండ్రి. సీదా మెట్ల మీదికి. దిగేటోళ్ళకు తగిలితే నడుము విరగదా?"

హాలంతా నవ్వింది. బాలలక్ష్మి నవ్వలేదు.

నవ్వు చెవిన పడేసరికి ఆయనకు ఊపు వచ్చింది. మెట్లు ఒకటి జానెడు, ఒకటి మూరెడు ఉన్నాయన్నాడు. స్లాబు వాలు లోపలికి ఉంది కాబట్టి వానాకాలం డాక్టరుగారి ఈత కొలను ఈ వంటింట్లోనే దొరుకుతుందన్నాడు. తాగే నీళ్ళ సంపు పక్కనే సెప్టిక్ ట్యాంకు పెట్టిన తెలివికి దండం పెట్టాలన్నాడు. నిజంగానే మైకు చంకలో ఇరికించుకుని దండం పెట్టాడు. ఫొటోగ్రాఫరు కోసం ఇంకోసారి కూడా పెట్టాడు.

"అసలు గిసొంటి ఇల్లు నీకెట్ల తోచిందయ్యా?"

"ఏండ్ల సంది గిదే కండ్లల్ల తిరుగుతుంది సార్."

"కలగనెటోడు జర మంచి ఇల్లు కనచ్చు గదా. గిండ్ల బర్రెలు గూడ ఉండయి."

పదికి సున్నా వేశాడు. పోటీ నడిపే రచనకు జాలేసింది. అంత దూరంనుంచి వచ్చాడు, ఒక్క మార్కైనా వేయమని చెవిలో చెప్పింది. సున్నా కంటే తక్కువ వేసే వీలు లేకపోవడం తన దురదృష్టమని ఆయన అందరికీ వినబడేలా జవాబిచ్చాడు.

అంబదాస్ ఎర్రబడ్డ చెవులతో నవ్వులు ఆగేదాకా నిలబడ్డాడు. తర్వాత బల్ల చుట్టూ తిరిగి ఆయన దగ్గరికి వచ్చాడు.

"సార్, గీ తప్పులన్ని జర రాసియ్యుండ్రి. మాటలైతే మర్చిపోత."

కరుణాకర్‌రావుకు ఆ వినయం నచ్చింది. కుర్చీ తెప్పించుకుని కూర్చున్నాడు. మార్కుల కాగితం మీద మొదలుపెట్టి, చోటు చాలక వెనక్కి తిప్పి రాశాడు. తలుపు, మెట్లు, స్లాబు, సంపు, ఒక్కటీ వదల్లేదు. 'మనుషులు నివసించడానికి పనికిరాదు. ఈ ప్లాను వేసినవాడికి ఇంజనీరింగులో ఓనమాలు కూడా రావు' అని ముగించి, కింద చదువులన్నీ రాసి సంతకం చేశాడు. రిటైరయ్యాక కూడా జేబులో పెట్టుకు తిరిగే రబ్బరు స్టాంపు తీసి గుద్దాడు.

మొదటి బహుమతి హెలికాప్టర్ ఇంటికి వచ్చింది. అంబదాస్ తన ఇంటిని ఇటుక ఇటుకగా ఊడదీసి డబ్బాలో పోసి అప్పజెప్పాడు. కాగితాన్ని మాత్రం పాలిథిన్ కవర్లో పెట్టి, బాలలక్ష్మి మోచేయి పట్టుకుని హాలు మెట్లు మెల్లగా దించాడు.

సోమవారం ఇద్దరూ హౌసింగ్ ఆఫీసుకు వెళ్ళారు. నాలుగేళ్ళుగా వెళ్తున్న ఆఫీసే. వాళ్ళుండే నేత కార్మికుల కాలనీలో నలభై ఇండ్లకు మరమ్మతులు కావాలన్న దరఖాస్తు అక్కడే పడి ఉంది. అధికారి మమతారాణి ఎప్పటి మాటే చెప్పింది. ఆ ఇండ్లది ఓ పెద్ద ఇంజనీరు గీసిన ప్లాను. అందులో తప్పుందని ఇంకో ఇంజనీరు రాసిస్తే తప్ప ఫైలు కదలదు.

అంబదాస్ కవర్లోంచి కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు.

ఆమె చదివింది. వెనక్కి తిప్పి చదివింది. స్టాంపు దగ్గర వేలు పెట్టి చూసింది.

"అయితే ఇంకో ఇంజనీరు దొరికిండన్నట్టు."

"దొరకలే మేడమ్" అన్నాడు అంబదాస్.

ఆమెకు అర్థం కాలేదు. బీరువాలోంచి కాలనీ ఇండ్ల ప్లాను తెప్పించి కాగితం పక్కన పరిచింది. మెట్ల మీదికి తెరుచుకునే అదే తలుపు, సంపు పక్కన అదే సెప్టిక్ ట్యాంకు.

ప్లాను కింద ఉన్న సంతకమూ కరుణాకర్‌రావుదే.