పిచ్చుక బాబాయ్ సెలవు

"సార్, ఒళ్లు కాలిపోతోంది. రెండ్రోజులు సెలవివ్వండి, పడుకుని లేచొస్తాను."

క్రేన్ మెట్ల కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు ఆపరేటరు. పొద్దస్తమానం అంతెత్తున గాజు గదిలో కూర్చుంటాడు కనుక రేవులో అందరికీ ఆయన పిచ్చుక బాబాయే.

సూపర్‌వైజరు వాచీ చూసుకున్నాడు. "ఈ సీజన్లో జలుబూ జ్వరం ఎవరికి లేవు బాబాయ్? రేపు పెద్ద ఓడ వస్తోంది. అది ఒక్కరోజు ఊరికే నిలబడితే ఎంత నష్టమో తెలుసా? మనకే కాదు, దేశానికే!"

"నా తర్వాత ఇంకో ఇద్దరు ఆ గదిలోకే ఎక్కాలి కదా సార్. అవే మీటలు, అదే మైకు. వాళ్లకీ అంటుకుంటే?"

"తుడుచుకుని వాడుకుంటార్లే. ఎక్కు."

దేశం పేరెత్తాక తప్పుతుందా? బాబాయ్ దగ్గుకుంటూ ఎక్కాడు.

అంతలో సూపర్‌వైజరుకి భార్య ఫోన్. "ఇవాళ ఫ్లూ ఇంజెక్షన్‌కి తీసుకెళ్తానన్నారు. నాకసలే ఆయాసం, పైగా ఎనిమిదో నెల. జ్వరం తగిలితే కష్టమని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది."

"ఈ ఓడ పని కానీ. ఇంజెక్షన్ ఎక్కడికి పోతుంది?"

ఓడ చెప్పిన వేళకే వచ్చింది. మనుషులే రాలేదు. ముందు బాబాయ్ మంచమెక్కాడు. తర్వాత ఆయన గదిలోకి ఎక్కిన ఇద్దరూ. వాళ్లతో కలిసి టీ తాగిన పాపానికి మిగతా ఆపరేటర్లూ. మూడో రోజుకి నాలుగు క్రేన్లూ మెడలు చాచుకుని ఊరికే నిలబడ్డాయి.

ఓడ ఏజెంటు గంటకోసారి ఫోన్. "ఫ్రిజ్ కంటెయినర్లు కూడా ఉన్నాయి సార్! అందులో ఏముందంటే..."

"ఏముంటే నాకేంటండీ? దించడానికి మనిషి ఉండాలి కదా!" అని పెట్టేశాడు సూపర్‌వైజరు. ఆ ఒక్కడికి రెండ్రోజులు సెలవిచ్చుంటే సరిపోయేదని అతనికి అప్పటికే తెలిసొచ్చింది. పైకి ఒప్పుకోవడానికే నోరు రాలేదు.

నాలుగో రోజు పనేమీ లేక భార్యను ఆస్పత్రికి తీసుకెళ్లాడు.

"మీకు తీరిక దొరకాలంటే రేవే మూతపడాలన్నమాట," అని నవ్వింది ఆవిడ, మెట్ల మీద ఆగి ఆయాసం తీర్చుకుంటూ.

అతను నవ్వలేకపోయాడు. పొద్దుటి నుంచి అతని గొంతులో కూడా గరగరగా ఉంది. ఆవిడకు కాస్త ఎడంగా జరిగి నిలబడ్డాడు.

నర్సు చీటీ చూసి తల అడ్డంగా ఊపింది. "అయ్యో, మొన్నటిదాకా ఉన్నాయమ్మా. ఇప్పుడు ఊళ్లో ఎక్కడా ఒక్కటి కూడా లేదు."

"మళ్లీ ఎప్పుడొస్తాయి?" అన్నాడతను.

"రావడం ఎప్పుడో వచ్చాయట సార్. ఓడలో ఉన్నాయట, దించే నాథుడే లేడట!"