మూడో సూది

"నొప్పి లేదంటే కుదరదు పెద్దాయనా. ఉంటే ఉందని చెప్పాలి" అన్నాడు డాక్టరు, విసుగును గొంతులోనే మింగి.

కర్నూలు ఆసుపత్రిలో ఎక్స్‌రే మిషను కింద ప్రకాశం బోర్లా పడుకుని ఉన్నాడు. వయసంతా ఊళ్లోవాళ్ల ఇళ్లలో బండలు పరిచిన నడుము అది. ఇప్పుడు చెప్పులు తొడుక్కోవడానికి కూడా వంగడం లేదు. వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి బిళ్లల్లో ఒకటి చెడిందని, అది ఏదన్నది తేలితేగానీ ఆపరేషన్ చేయలేనని డాక్టరు ముందే చెప్పాడు. అనుమానమున్న మూడింటిలోకీ సూదులు దించి, ఒక్కోదాంట్లోకి మందు ఎక్కిస్తారు. చెడిన బిళ్ల దగ్గరికి రాగానే రోజూ వచ్చే నొప్పే వస్తుంది. అప్పుడు రోగి "ఇదే" అంటే చాలు.

ఆ ఒక్క మాటే ప్రకాశానికి చేతకాలేదు. మొదటి సూదికీ "బాగుండాది సార్" అన్నాడు, రెండోదానికీ అదే మాట. పెళ్లిభోజనం ఎట్లుందని అడిగితే చెప్పినట్టే ఉంది ఆయన జవాబు.

డాక్టరు బయటికొచ్చి, బెంచీ మీద కూర్చున్న ప్రకాశం భార్య జ్ఞానమణిని అడిగాడు, ఈయనకు అసలు నొప్పి ఉందా లేదా అని.

"కాల్లో ముల్లిరిగినా నాతో చెప్పడు సార్, నేను బెదురుకుంటానని. నాతో చెప్పనోడు మీతో యాడ చెప్తాడు?" అంది ఆమె.

పోనీ మొహం చూసి పోల్చగలవా అంటే, చూస్తానంది. ఎక్స్‌రే సోకకుండా బరువైన సీసం కోటు తొడిగి, చప్పుడు చేయకుండా లోపలికి తీసుకొచ్చారు. తీరా చూస్తే బోర్లా పడుకున్న మొగుడి పాదాలు తప్ప ఏమీ కనబడలేదు. ఆ పగిలిన పాదాలు చూడగానే ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇదే ఆఖరిది. దీనికీ ఏం లేదంటే ఆపరేషన్ లేదు, ఇంటికి పంపించేస్తా" అని డాక్టరు మూడో సూదిలోకి మందు ఎక్కించాడు.

"బాగుండాది సార్" అన్నాడు ప్రకాశం. ఆ వెంటనే దిండులో మొహం పెట్టి, సన్నగా చర్చి కీర్తన ఒకటి ఎత్తుకున్నాడు. మంచి గొంతు. నర్సు పని ఆపి మరీ వింది. ఇంత నింపాదిగా పాడే మనిషికి నొప్పేమిటని డాక్టరుకు నవ్వొచ్చింది. ఏ బిళ్లా చెడలేదని తేల్చేసి, సూది తీయబోయాడు.

జ్ఞానమణి గబుక్కున ఒకడుగు ముందుకేసింది.

"ఉండండి సార్, ఇదే. మా పాటలు విని పేటంతా మమ్మల్ని శానా భక్తిపరులు అనుకుంటాది. మా ఇంటాయన పాడేది నడుము పట్టుకున్నప్పుడు, నేను గొంతు కలిపేది ఆయప్ప ఒక్కడే బాధ పడకూడదని."