కిరీటం మచ్చ

"మచ్చ పెంచలమ్మా! ఈ మచ్చే దీని కొంప ముంచింది," అన్నాడు చంద్రమౌళి, వెండినాణేన్ని భూతద్దం కింద తిప్పి చూస్తూ.

కావలిలో ముప్పయ్యేళ్లు చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన చంద్రమౌళికి పాత నాణేల పిచ్చి. కృష్ణపట్నం దగ్గర పల్లెపాలెంలో ఎండుచేపలమ్మే పెంచలమ్మ ఇంటివాళ్ల వలలో నాణెం పడిందని వినగానే కారేసుకుని వచ్చేశాడు. నాణెం మీది రాజుగారి చెంపపై బియ్యపుగింజంత కిరీటం ముద్ర కనబడగానే ఆయన గుర్తుపట్టేశాడు. సముద్రం అవతల దీవిని ఏలిన తెల్లదొరలు, సొంత నాణేలు చాలక, పరాయి దేశాల వెండి మీద తమ ముద్ర కొట్టి చలామణి చేసిన కాలం నాటిది! ముద్ర లేకపోతే పదివేలు. ముద్రతో మూడు లక్షలు.

"ఎవడో మేకుతో పొడిచి పాడుచేశాడు. పోనీలే, వెండి ధరకి తీసుకుంటా. రెండువేలు."

పెంచలమ్మ ఎండుచేపలు తిరగెయ్యడం ఆపి నాణెం అందుకుంది. "మచ్చ లేకుంటే ఎంతిస్తారు సార్?"

"పదివేలు," అన్నాడు ధారాళంగా. ఇవ్వక్కర్లేని డబ్బు ఎంతైనా చెప్పొచ్చు.

"అట్లనా! ఉండండి."

లోపలికెళ్లి ఇంజను పనికి వాడే ఆకురాయి పట్టుకొచ్చింది. నాణేన్ని పీట మీద అదిమిపెట్టింది. "ఒక్క నిమిషం సార్. నున్నగా రాకేస్తా."

"ఆగు!"

ఆ కేకకి ఎండుచేపల మీది కాకులన్నీ లేచిపోయాయి.

"ఏమైంది సార్?"

"అదే... పాతది కదా, విరిగిపోతుంది. ఉన్నదున్నట్టు ఇచ్చెయ్. పదివేలూ ఇస్తా."

"మచ్చదానికా? వొద్దు సార్. మిమ్మల్ని మోసం చేస్తే నాకు పాపం." ఆకురాయి కిందికి దిగింది.

"ఇరవై!"

"పాడైపోయిందానికి అంత ఎందుకు సార్?"

"నిన్ను చూస్తే జాలేసింది పెంచలమ్మా."

"జాలి డబ్బులు నాకెందుకు సార్? బాగుచేసే ఇస్తా." ఆకురాయి అంచు కిరీటానికి ఆనింది.

"యాభై! యాభై వేలు! ఆ ఆకురాయి కింద పెట్టు తల్లీ, నీకు దణ్ణం పెడతా!"

చేపలబుట్టకి అంటించిన క్యూఆర్ కోడ్ మీద ఫోను పెట్టి, యాభై వేలూ పంపేశాడు. పెంచలమ్మ కళ్లొత్తుకుంది. "దేవుడి లాంటోరు సార్ మీరు," అంటూ ఇంత ఎండు నెత్తళ్లు పొట్లం కట్టి చేతిలో పెట్టింది.

కారెక్కాక చంద్రమౌళికి నవ్వాగలేదు. హైవే మీద టీ కొట్టు దగ్గర ఆపి, నాణేన్ని ఫొటో తీసి, చెన్నైలో పేరుమోసిన నాణేల వ్యాపారి హెన్రీకి పంపాడు. టీ సగం తాగేలోపే హెన్రీ ఫోను చేశాడు.

"చూశారా, దీవి ముద్ర!" అన్నాడు చంద్రమౌళి. "పాపం, దాని విలువ ఆ పిచ్చిదానికి తెలీదు."

"చూశాను సార్. ఈ నెలలో నాకొచ్చిన వాటిలో మీది ఆరోది. అన్నీ ఒకే అచ్చు నకిలీలు," అన్నాడు హెన్రీ. "ఇంతకీ మీరు పెంచలమ్మ ఆకురాయి ఆనించేదాకా ఆగారా, తియ్యగానే డబ్బిచ్చేశారా?"