ఎర్ర చరియ వాటా

జంగ్మో చీటీ విప్పి తలకిందులుగా పట్టుకుని చూసింది. “నాకేం తెలుస్తుంది, నువ్వే చదువు మామా,” అంటూ నర్గు పెద్దాయన చేతికిచ్చింది.

ఆయన కళ్ళద్దాలు సర్దుకున్నాడు. “రోడ్డు పక్క వాటా.”

“మళ్ళీనా? దేవత నీకు మేనత్తా ఏంటి వదినా?” అన్నారెవరో. ఈ ఏటి చెట్ల వాటాలకి చీటీలు తీయడానికి దేవత గుడి వాకిట్లో కూర్చున్న పాతిక ఇళ్ళవాళ్ళూ నవ్వారు. జంగ్మో కూడా నవ్వి టీ కెటిల్ అందుకుంది. పొద్దున నర్గు చీటీలు రాస్తున్నంతసేపూ పక్కన కూర్చుని అందరికీ ఉప్పు టీ పోసింది ఆమే.

పల్జోర్ మాత్రం నవ్వలేదు. ఈ ఊరికి ఇల్లరికం వచ్చి ఆరు నెలలు. కింద నది ఒడ్డున పుట్టినవాడు. ఆపిల్ చెట్టుకి నిచ్చెన వేయడమే తప్ప, కొండ అంచున వేలాడే, చిల్గోజా గింజలు కాసే పైన్ చెట్టు ఎన్నడూ ఎక్కలేదు. మామ హీరాసుఖ్‌కి మోకాళ్ళు పోయాయి, ఈ ఏడు కాయ దింపాల్సింది తనే. రోడ్డు పక్క చెట్లయితే నేల మీద నిలబడి కొక్కెం కర్రతో లాగేయొచ్చు. అదేమో పోయింది. ఇక ఎర్ర చరియ తగలకుంటే అదే పదివేలు. ఏడేళ్ళ కిందట జంగ్మో మొగుడు పడి చనిపోయింది అక్కడే.

అతని వంతు వచ్చింది. చదువొచ్చినవాళ్ళు తీసిన చీటీ విప్పకుండా పెద్దాయనకివ్వాలని కొత్తవాడికి తెలియదు. విప్పేశాడు.

ఒత్తు మరిచి ‘రోడు పక్క’ అని రాసుంది.

మరోసారి చూశాడు. అదే.

నర్గు ఆ చీటీ అందుకుని, దాన్ని ఓసారి చూసి, అతన్నే చూస్తూ చదివాడు. “ఎర్ర చరియ.”

“కాదు తాతా, అందులో...”

మామ చేతికర్ర అతని పాదం మీద దిగింది. వాకిలంతా అతన్నే చూస్తోంది. జంగ్మో ఒక్కతే వంగి ఎవరి గిన్నెలోనో టీ పోస్తోంది.

“సరే,” అన్నాడు పల్జోర్.

ఇంటిదారిలో మామ గొంతు తగ్గించి చెప్పాడు. “ఎర్ర చరియ వచ్చింది జంగ్మోకి. ఆమెకి ఏది వచ్చినా నర్గు రోడ్డు పక్కనే చదువుతాడు. అసలు రోడ్డు చీటీ తీసినవాళ్ళు ఆమెకొచ్చింది తీసుకోవాలి. పోయినేడు గంగాసుఖ్, అంతకు ముందు నేను.”

“ఊరికే ఇచ్చేయొచ్చుగా?”

“మొదటేడు ఇస్తామన్నాం. ‘మొగుడు పోయాడు గానీ చేతులు పోలేదు’ అని మా మొహాన తలుపేసింది. దేవత ఇస్తే తీసుకుంటుంది, మనమిస్తే తీసుకోదు. వేలిముద్ర మనిషి కాబట్టి ఇన్నాళ్ళూ సాగింది. నువ్వు నోరు జారకు.”

పల్జోర్ తలూపాడు. కానీ భయం భయంగానే ఉంది.

దింపుడు మొదలైన రోజు అతను ఎర్ర చరియ చేరేసరికి జంగ్మో అక్కడుంది. తాడుని ఒక మాను చుట్టూ తిప్పి, బరువేసి లాగి చూస్తోంది.

“నువ్వెందుకు వచ్చావత్తా? మీ కాయ?”

“మా అమ్మాయి దింపుతోందిలే. ఈ చరియ ఎవరికి వస్తే వాళ్ళకి తాడు పట్టుకుంటాను, నాకలవాటు. ఆయన పడ్డ రోజు కింద ఎవరూ లేరు.” అతని నడుముకి ముడి తనే వేసింది. “కొమ్మ విరవకు. పక్కనున్న పిందెలు వచ్చే ఏటివి. కిందికి చూడకు, నా గొంతు విను.”

మూడు రోజులూ ఆమె నోరు మూతపడలేదు. మొగుడి గురక, మేకల పోట్లాటలు, పొయ్యి దగ్గర కూతురు పాఠాలు పైకి చదివే తీరు. ఆ కబుర్లలో పడి పల్జోర్‌కి గాలి హోరు వినపడలేదు. బంకతో అంటుకున్న వేళ్ళతో చెట్టు తర్వాత చెట్టు దింపాడు.

మూడో రోజు మధ్యాహ్నం కాలికింద బెరడు ఊడింది.

తాడు బిగుసుకుంది. క్షణం పాటు లోయ మీద వేలాడి, మళ్ళీ మాను దొరకబుచ్చుకున్నాడు. అక్కణ్ణించి మెల్లగా కిందికి దిగాడు. జంగ్మో అరచేతులు రెండూ ఒరుసుకుపోయి ఎర్రగా ఉన్నాయి. ఆమె వాటికి గుడ్డ చుట్టుకుని, ఏమీ జరగనట్టు రొట్టెల మూట విప్పింది.

పల్జోర్ ఆ చేతులు చూశాడు. ఇంక దాచలేననిపించింది.

“అత్తా, ఆ రోజు చీటీలో...”

“ముందు తిను.” రొట్టె విరిచి అతని చేతిలో పెట్టి, జంగ్మో నవ్వింది.

“ఆరేళ్ళుగా చూస్తున్నా, నర్గు మామకి ‘రోడ్డు’ అని తప్పు లేకుండా రాయడం ఇంకా రాలేదు.”