చివరి పేజీ మీద ఒక ఉత్తరం

"పది మంది మెచ్చుకున్నారు. ఈ ఒక్కడే తిట్టాడు," అంటూ మావారు పాఠకుడి ఉత్తరాన్ని బల్లమీద విసిరికొట్టారు.

ముసుగువీరుడి కామిక్స్ రాసేది ఆయనే. ఈసారి వీరుణ్ణి పక్కనపెట్టి, అతని భార్య కథతో విడిగా ఒక పుస్తకం తెచ్చారు. చివరి పేజీలో, మూడేళ్లు కబురు లేకుండా పోయిన మొగుడు గుమ్మంలోకి రాగానే ఆమె నవ్వి, "అలసిపోయుంటారు, లోపలికి రండి" అంటుంది.

"ఏమంటాడో విను. 'ఆమె నవ్వదు. తలుపు తీయడమే ఎక్కువ. ఆ మాట ఆమె నోట్లో మీరు కుక్కారు.' నా పాత్ర గురించి నాకే పాఠాలా? వచ్చే సంచికలో కడిగేస్తాను."

"ఆ ఉత్తరంలో తప్పేముంది?" అన్నాను.

"నీకు తెలీదులే. పేరు రాసే ధైర్యం లేదు కానీ, అక్షరాలు మాత్రం మన పుస్తకంలోవి చూసి దించాడు వెధవ."

ఆయన కథల్లో బొమ్మల పక్కన బుడగల్లో ఉండే మాటలన్నీ చేత్తో రాసేది నేనే. ఆ "లోపలికి రండి" కూడా నేనే రాశాను. నన్నొదిలి వెళ్లిన మూడేళ్లకు ఆయన తిరిగొచ్చిన రోజు మాత్రం నేను నవ్వలేదు. తలుపు తీశాను, అంతే. ఈ ఉత్తరం పోస్టు చేయాలా వద్దా అని నాలుగు రోజులు సంచిలో మోశాను.

"దించలేదండీ," అన్నాను. "జవాబు సంచికలో వద్దు. ఇక్కడే చెప్పండి."