పదకొండో పలక

"మార్కుల కోసం వస్తే అక్కణ్నుంచే వెనక్కి తిరుగు!"

తలెత్తకుండానే అరిచింది ఉషారాణి మేడం.

తెల్లారితే డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ ప్రాక్టికల్స్. ఆ ముందురోజు భద్రాచలంలోని ఆ కాలేజీలో ఏటా ఇదే తంతు. తండ్రులొస్తారు. ఒకరి చేతిలో తేనె సీసా, ఒకరి సంచిలో నాటుకోడి. "మా పిల్లగాణ్ని జర చూడుండ్రి" అని నసుగుతారు. మేడం ఇంతవరకు ఒక్కరికీ లొంగలేదు. లొంగదన్న ఆ పేరంటే ఆవిడకు మహా ఇష్టం.

గుమ్మంలో ఒక ముసలాయన. చేతిలో పాత తువ్వాలు చుట్టిన పొట్లం.

"మార్కులు కాదమ్మా. ఒక్క అయిదు నిమిషాలు లేజర్ లైటు ఏస్తరా? చూసి పోత."

"ఇదేమన్న సినిమా హాలనుకున్నవా? రేపు ఎగ్జామినర్ వస్తున్నడు. ఇక్కడ ఊపిరాడ్తలేదు."

"ఎల్లుండి ఖమ్మంల కండ్ల ఆపరేషన్ ఉందమ్మా. నీటికాసులు. చూపు ఉంటదో పోతదో చెప్పలేమన్నరు. గంతకు ముందే ఒక్కసారి..."

"అబ్బో! మొన్న ఒకాయనకు గుండె ఆపరేషనట. కొడుకును పాస్ చేస్తె తగ్గిపోతదట!"

అటెండర్ కోటేష్ కిసుక్కున నవ్వాడు.

ముసలాయన నవ్వలేదు. పొట్లాన్ని మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"మీకు తీరినప్పుడు మీరే ఏసి చూడుండ్రమ్మా."

గోడ తడుముకుంటూ మెట్లు దిగిపోయాడు.

ఆ తడుముకోవడం మేడం చూసింది. చూసి కూడా పిలవలేదు.

"కోటేష్, ఆయన ఎవరి తండ్రో కనుక్కొని ఇది వాపస్ ఇచ్చెయ్. నా బల్ల మీద ఉండొద్దు."

ప్రాక్టికల్స్ మూడో రోజు సాయంత్రానికి అయిపోయాయి. పొట్లం మాత్రం బీరువా మీదే ఉంది.

"ఏంది, ఇంక ఇయ్యలేదా?"

"ఎవరికియ్యాలె మేడం? హాతీరాం అంట ఆయన పేరు. ములకలపల్లి అవతల తండా. మన కాలేజీల ఆయన పిల్లలే లేరు. రిజిస్టరంత చూసిన."

ఆయన ఎల్లుండి అన్న రోజు నిన్ననే దాటిపోయింది.

తువ్వాలు విప్పింది. తేనె కాదు, కోడి కాదు. అరచేతిలో పట్టే గాజు పలక. పొగ పట్టినట్టు మసకగా ఉంది. ఒక మూల కొంచెం కోసి ఉంది.

లేజర్ వేసి, దానికి అడ్డంగా పలక పెట్టింది.

గోడ మీద ఎర్ర చుక్క. దానికి అటొకటి, ఇటొకటి వెలుగు వలయాలు. ఒక్కోదాని నడుమ చీకటి. అచ్చం గారెలే.

"నడుమ బొక్క పడ్డదేంది మేడం? లైటు ఖరాబైందా?"

"ఖరాబు కాదు కోటేష్. ఈ పలక మీద కంటికి ఆనని గీతలుంటయి. అవి వెలుగును గిట్ల మలుస్తయి. నీళ్లల్ల ఇసుక రేణువు కన్న సన్నదాన్ని, ముట్టుకోకుండనే పట్టుకొని గిరగిర తిప్పుతది ఈ వలయం. నా డాక్టరేట్ దీని మీదనే."

డాక్టరేట్ వచ్చి ఏడేళ్లు. బంగారు అక్షరాల థీసిస్ ఆ బీరువాలోనే ఉంది. మొదట రెండు పేజీల నిండా కృతజ్ఞతలు. గైడు, భర్త, అత్తగారు. టీ ఇచ్చిన క్యాంటీన్ అన్నను కూడా వదల్లేదు.

"మరి పెద్దాయనకు ఇది యాడిది మేడం?"

"ఇసొంటియి హైదరాబాద్‌ల మా ల్యాబ్‌లనే ఉంటయి. అక్కణ్నుంచి ఎత్తుకొచ్చి ఉంటడు."

నోటికొచ్చింది అనేసింది.

ఆదివారం బస్సెక్కి తండాకు వెళ్లింది. హాతీరాం వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు. కళ్లకు పచ్చ గుడ్డ కట్టి ఉంది.

"ఇగ చూపు రాదన్నరు బిడ్డా" అంది ఆయన భార్య పూలి.

"నేను... కాలేజీ మేడంను."

"మేడమా!" ఆయన గబుక్కున లేవబోయాడు. "పూలీ, కుర్చీ ఎయ్యి. ఏసి చూసిండ్రా అమ్మా? గుండ్రంగ వచ్చిందా? యాడన్న తెగిందా?"

"తెగలేదు. నిండుగ వచ్చింది. గారె లెక్క."

"గారె లెక్క!" చిన్నపిల్లాడిలా నవ్వాడు. "ముప్పై ఏండ్లు హైదరాబాద్‌ల డార్క్‌రూం నౌకరి చేసిన. కింద చీకట్ల పలకలు కడుగుడు, మీది అంతస్తుల లేజర్ ల్యాబ్‌కు పంపుడు. ఆ వెలుగు ఎట్లుంటదో ఒక్కనాడు చూడలే. రమ్మని ఎవరు పిలవలే. నేను గూడ అడగలే."

ఎత్తుకొచ్చాడన్న తన మాట గుర్తొచ్చి ఉషారాణికి ప్రాణం చచ్చిపోయింది. సిగ్గుతో తల వాలిపోయింది. ఆయనకు కనిపించదని తెలిసినా ఎత్తలేకపోయింది.

పలకను ఆయన చేతిలో పెట్టింది.

ఆయన వేలు నేరుగా కోసిన మూల మీదికి పోయింది.

"ఏ దిక్కు వెలుగు పట్టే మందు పూత ఉందో చీకట్ల ఏలుకు తెల్వాలని మూల గిట్ల కోసుకుంట. ఇంకెవరు గిట్ల కొయ్యరు. ఇది పదకొండోది. అంచుకు జర గీరుకుపోయిందని నా కాడ పెట్టుకున్న. మంచియి పది మీదికి పంపిన."

"ఎవరికి?"

అడిగాక, అడగకపోయినా బాగుండేదనిపించింది.

"ఉషారాణి అని ఒక పిల్ల ఉండె మేడం, డాక్టరేట్ చదువు, ముఖమైతే నేను చూడలే గని కవర్ల మీద పేరు రాసేటోన్ని... ఆ పిల్ల యాడున్నా సరే, ఈ మూల చూసిందంటే చాలు, నన్ను గుర్తుపడ్తది."