సాగిన టేపు

"ఇది మూడో కోటు! వదులైందని కుట్టించుకున్నాయన మొహాన కొట్టి పోయాడు. ఇక నా వల్ల కాదు వదినా," అంటూ మరిది కత్తెరను సంచిలో పడేశాడు.

"నేను ఛాతీ నలభై రాసిస్తే నువ్వు గోనెసంచి కుట్టావు," వదిన స్టూలు మీద కూలబడింది.

అన్న పోయాక కొలతలు ఆమెవి, కోత అతనిది. ఇప్పుడు అతనూ వెళ్ళిపోతే దుకాణం మూతే.

"నేనూ నలభైకే కోశాను. చూడు!" మెడలోని టేపు తీసి బల్ల మీద పరిచాడు.

ఆమె ఓపిక తెచ్చుకుని తన కొత్త టేపు దాని పక్కన పరిచింది. కొత్తది నలభై అన్నచోట పాతది ఇంకా ముప్ఫై తొమ్మిదే అంటోంది.

"ఎక్కడిదిది?"

"అన్నయ్యది. లాగి లాగి సాగినట్టుంది. పారేయబుద్ధి కాలేదు."

ఆయన దాంతోనే కొలిచి, దాంతోనే కోసేవాడు. అందుకే ఒక్క కోటూ తిరిగి రాలేదు.

మరిది తలవంచుకుని పాత టేపును చెత్తబుట్ట వైపు తీసుకెళ్ళాడు. వదిన లాక్కుని తన మెడలో వేసుకుంది. కొత్తది సొరుగులో పడేసింది.

"ఆ కోటాయన్ని పిలువు. మళ్ళీ కొలుస్తాను."

"మరి నేను దేంతో కోయను?"

"దీంతోనే. నన్నడిగి తీసుకో. ముందా కత్తెర బయటికి తియ్యి."